మూతెడు పాకం

ఆ పెద్దావిడ పేరు నేను అడగలేదు. అడిగింది ఇంకొకటి.

సికింద్రాబాద్‌లో అల్వాల్ బస్సెక్కినప్పటి నుంచి ఆగకుండా దగ్గుతున్నాను. పక్క సీటులో ఆవిడ, మోండా మార్కెట్‌లో కొన్న కూరగాయల సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుంది. కాసేపు నన్ను చూసి, సంచిలోంచి చిన్న సీసా తీసి, దాని మూతలో నల్లటి పాకం పోసింది.

"గొంతు బాగా పట్టినట్టుంది బిడ్డా. జెర గిది తాగు, ఇంట్లనే చేసిన."

చెయ్యి చాపాను. చాపుతూనే, "మీరేవిట్లండీ?" అన్నాను. శ్రీకాకుళంలో మా ఇళ్లలో కులం అడగడానికి మర్యాద అనుకునే మాట అది. పదేళ్లుగా ఈ ఊళ్లో ఉద్యోగం చేస్తున్నా, నా నోటికి అదే వచ్చింది.

ఆవిడకి అర్థమైంది. అంత కుదుపుల్లోనూ ఒక్క చుక్క ఒలకకుండా ఆ మూతెడు పాకాన్నీ మళ్లీ సీసాలోకి ఒంపేసింది. తిడుతుందేమో అనుకున్నాను.

"వామాకు, అల్లం దంచి రసం తియ్యాలె," అంది మెల్లగా. "బెల్లం పాకంల పోసి, మిరియాల పొడేసి, వేలికి అంటుకునేదాంక మరిగియ్యాలె. నీ చేతులతోని నువ్వే చేస్కో. పరేషాన్ ఉండదు."

తర్వాతి స్టాపులో దిగిపోయింది.

ఆ ఆదివారం ఆవిడ చెప్పినట్టే కాచాను. గొంతుకి హాయిగా ఉంది. మా అత్తగారికీ ఒక చెంచా ఇచ్చాను. ఆవిడ నోటిదాకా తెచ్చుకుని ఆగి, "ఎవరు చెప్పారే ఇది?" అని అడిగారు.

"బస్సులో ఒకావిడ. మనవాళ్లే," అన్నాను.

అత్తగారు నిశ్చింతగా తాగేశారు.