సద్దుల నాడు ఆగిన సాంచాలు

మా బాపు శ్రీరాంపూర్ బొగ్గు గనిల పనిచేసేటోడు. సైరన్ మోగితే పోవుడు, మోగితే వచ్చుడు. పనంటే గేటు, హాజరు, షిఫ్టు అని చిన్నప్పటి నుంచి నాకూ పక్కా నమ్మకం. ఆర్థిక భూగోళశాస్త్రంల పీహెచ్‌డీకి చేరినంక ఆ నమ్మకం మీదనే కొట్లాటకు దిగిన.

నేను ఎంచుకున్నది సిరిసిల్లల ఇండ్లల్ల కూసొని కండెలు చుట్టే ఆడవాళ్లను. మరమగ్గాలను అక్కడ సాంచాలంటరు. కండె మీద నూలు చుట్టి అందియ్యకుంటే సాంచె మీద బట్ట ఇంచు కూడా సాగది. మా గైడ్ సార్ మాత్రం ఒప్పుకోలే. ఇల్లు పనిచోటు ఎట్లయితదన్నరు. గనుల మీద చెయ్యమ్మా, మీ బాపు ఉన్నడు గదా, సులువైతదన్నరు. సులువే కావాలంటే గీ చదువుకెందుకొస్తనని అడిగిన. దసరా తర్వాత విషయం పాస్ చేసే కమిటీ కూసుంటది. అక్కడ కాదంటే అప్పటిదాక తిరిగిన తిరుగుడంతా గంగల కలిసినట్టే.

ఒకసారి వచ్చి చూడుండ్రి సార్ అని, కావాలనే సద్దుల బతుకమ్మ నాడు పిలిచిన. సెలవు గదా అని ఆయన వచ్చిండ్రు.

మేం పోయిన కార్ఖానా ఆసామికి ఆర్డరు అర్జెంటు. పండుగైనా మగవాళ్లను పనికి పిలిచిండు. ముందునాడు చుట్టే కండెలు పొద్దూకేదాక సాగుతయనుకున్నడు. ముందునాడు పగటీలి బువ్వ తిన్నప్పటి నుంచే ఆడవాళ్లంత గునుగు, తంగేడు పూల కోసం చెల్కల పొంటి పోయిండ్రన్న సంగతి ఆయనకు ఎవ్వరూ చెప్పలే. చెప్పాల్సిన ఇంట్లామె కూడా పూలకే పోయె.

పొద్దున మోతకు సార్ చెవులు మూసుకున్నరు. పగటీలికి ఒక్కో సాంచె ఆగుడు మొదలైంది. కాసేపటికి మా మాటలు మాకు వినవడ్డయి. కరెంటు పోయిందా అని సార్ పైకి చూసిండ్రు. ఫ్యాను తిరుగుతనే ఉన్నది.

"కండెలు అయిపోయినయి సార్," అన్నడు ఆసామి. "ఫోన్ చేస్తే ఒక్కలు ఎత్తుతలేరు."

"ఎవరినన్న ఇంటికి పంపకపోయినవా?"

"పంపి ఏం లాభం సార్? మా ఇంట్లామెనే బతుకమ్మ పేరుస్తున్నది. ఇప్పుడు పోయి అడిగితే నన్ను గూడ కూసొని పేర్చుమంటది."

ఇగ నేను ఆగలే. "సార్, కరెంటున్నది, నూలున్నది, మగవాళ్లున్నరు. సెలవు తీసుకున్నది మాత్రం ఇండ్లు. ఇప్పుడు చెప్పుండ్రి, పనిచోటు ఎక్కడున్నది?"

సార్ బయటికొచ్చి నా వెంట వాడలన్నీ తిరిగిండ్రు. ఏ ఇంటి కండెలు ఏ కార్ఖానాకు పోతయో అడుగుకుంట నా మ్యాపు మీద తనే గీతలు గీసిండ్రు.

కమిటీల ఓ పెద్దాయన మళ్ల అదే పాట ఎత్తుకున్నడు, ఇల్లు పనిచోటు ఎట్లయితదని. నేను గొంతు సవరించుకున్న. ఎవరికి ఏం చెప్పాలె, ఎక్కడ గట్టిగ అనాలె, అద్దం ముందట నిలవడి నేర్చుకొని పోయిన. నోరు తెరిచేలోపల గైడ్ సార్ అందుకున్నరు.

"పండుగ నాడు పోయి చూసిండ్రా మీరు? నేను చూసిన."

ఆ తర్వాత ఆయన ఎవ్వరినీ మాట్లాడనియ్యలే. నా విషయం ఒక్క అక్షరం మారకుండ పాసైంది. ఆ థీసిస్‌తోనే ఉద్యోగమొచ్చింది. ఇయ్యాల పెద్ద క్లాసులకు ఆ పాఠం నేనే చెప్తున్న. అయినా, అంత సోకుగ తయారు చేసుకున్న జవాబులల్ల ఒక్కటన్న వాడుకోనియ్యలేదని సార్ మీద ఇప్పటికీ కోపమే.