తల దించిన గుర్రం

ఈ రోజు పొద్దున నా టాంగా గుర్రాన్ని బహదూర్‌పురాలో పశువుల డాక్టరుకు చూపించాను. మూడు రోజులుగా దాని ఎడమ ముక్కులోంచి నెత్తురు కారుతోంది. ఎండదెబ్బేనని నేనే తేల్చి, దాని నెత్తిన చన్నీళ్ళు పోస్తూ వచ్చాను.

దవడ వెనక గాలి సంచి ఉంటుందట, అందులో బూజు పట్టిందట. డాక్టరు ముక్కులోంచి సన్నని గొట్టం దూర్చి అయోడిన్ నీళ్ళు పోశాడు.

"లోపలి చెడు నీళ్ళు కిందికి కారాలె, బాపూ. తల ఎత్తి కట్టే పట్టీ తీసెయ్యి. గడ్డి నేల మీద వెయ్యి."

"నా గుర్రం తల దించదు, డాక్టర్ సాబ్. చార్మినార్ కాడ ఎవల్నన్న అడుగు."

"ఆ బూజు నెత్తురు నరాన్ని తొలుస్తున్నది. అది పగిలితే గుర్రం నిలబడ్డకాడనే సస్తది. ఇగ నీ ఇష్టం."

పట్టీ నా చేత్తోనే విప్పాను. ఇంటికొచ్చి గడ్డి నేల మీద వేస్తే, గుర్రం మెడ వంచి తినసాగింది. పక్కింటి టాంగా యాదగిరి గోడ మీదుగా చూశాడు.

"ఏంది కాకా, నీ గుర్రం ఎవలికి సలాం కొడుతున్నది?"

ఇంకో రోజైతే కొరడా తీసేవాణ్ణి. ఈ రోజు కోపం కూడా రాలేదు.

నవ్వేవాళ్ళు నవ్వండి. ఈ జబ్బు తగ్గిన గుర్రం మీ ఎరుకలో ఉంటే మాత్రం వచ్చి చెప్పండి. సాయంత్రం నుంచి దాని ముక్కు కింద అరచెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఇప్పటిదాకా చుక్క పడలేదు.