జామకాయ వాసన సీసా

బుజ్జవ్వా, నా బిడ్డా! నీ గురించి రాయమని అందరూ అంటే కూర్చున్నాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, నవ్వకు.

చదివే అమ్మలారా, అయ్యలారా! మా ఒక్కగానొక్క బిడ్డ మొన్న వానాకాలంలో విషజ్వరం వచ్చి చనిపోయింది. కొత్తగూడెంలో బొగ్గు గని ఆఫీసులో నౌకరీ చేసేది. శనివారం సాయంత్రం బస్సు దిగి, ములకలపల్లి పక్కనున్న మా ఊరికి వచ్చేది. ఆ శనివారం రాలేదు. మేమే దవాఖానకు పోయి తెచ్చుకున్నాం. ఆ ముచ్చట ఇంతకంటే రాయను. నా బిడ్డ నవ్వించే మనిషి, నవ్విన సంగతులే రాస్తాను.

మాది కల్లు గీసే ఇల్లు. మా ఆయన తాటిచెట్లు ఎక్కుతాడు, నేను వాకిట్లో అమ్ముతాను. ఒకరికి పొద్దుటి తీపి కల్లు కావాలి, ఒకరికి పులుపెక్కాలి. ఏ చెట్టు కల్లు ఎవరి నోటికి పడుతుందో, మనిషి గడప తొక్కగానే నాకు తెలుస్తుంది. మా బిడ్డకు మాత్రం ఏదీ పడలేదు. పెద్దదై నౌకరీ చేసే రోజుల్లో తాటికల్లు గుక్కెడు తాగి వాసనంది, ఈతకల్లు మరీ తీపంది, జీలుగు కల్లుకు మూతి ముడిచింది. కల్లు గీసేవాని బిడ్డకు కల్లు పడదని ఊరంతా నవ్వేవాళ్లు.

ఒక శనివారం సంచిలోంచి నల్లటి సీసా తీసింది.

"ఇదేంది బిడ్డా?" అన్నాను.

"వైన్ అమ్మా. ద్రాక్షపండ్ల రసం పులియబెట్టి చేస్తరు."

"అంటే ద్రాక్షకల్లు."

"అవ్, గట్లనే అనుకో."

మా ఆయన సీసాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆ వైన్సు దుకాణం ముందర్నుంచి రోజూ పోత. గిసుంటి సీసా ఎన్నడు చూడలే."

"దుకాణపాయన గూడ గట్లనే చూసిండు నాయినా. మూలకున్నదాన్ని దుమ్ము తుడిచి ఇచ్చిండు. అన్నిట్ల తక్కువ ధరది తెచ్చిన. నాకేది పడ్తదో తెల్వకముందే పెద్ద సీసాలు ఎందుకు?"

అది ఎర్రది. నేరేడుకాయ నమిలినట్టు నోరంతా వగరు. నాకు భలే నచ్చింది. దానికి నచ్చలేదు. "ఎర్రదే అసలుదని ఆఫీసుల అందరు చెప్పిండ్రు అమ్మా. నా నాలుక ఒప్పుకుంటలేదు" అని నవ్వింది. మిగిలిన సగం సీసా గూట్లో పెట్టి పోయింది.

మా ఇంట్లో నిలవ కల్లు అంటే ఎవరూ ముట్టరు. ఇది కూడా అంతే కదా అనుకున్నాను. పారబోయడానికి మనసొప్పక, మూడు నాలుగు రోజులు చూసి చేపల పులుసులో పోశాను. శనివారం రాగానే గూట్లో వెతుకుతూ, "అమ్మా, నా సీసా ఏది?" అంది.

"పులుసుల ఉంది."

అది కింద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. మా ఆయన మాత్రం ముక్క చప్పరిస్తూ, "చింతపండు కన్నా ఇదే మంచిగుందే. ఇంకో సీసా తే బిడ్డా" అన్నాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో శనివారాలు అదే పని. ఒక్కటి తాగితే తెలియదని, రెండు చిన్న సీసాలు పక్కపక్కన పెట్టుకుంటేనే నాలుకకు తేడా తెలుస్తుందని అది కనిపెట్టింది. తెల్ల వైన్ సీసాలను చల్లగా ఉండాలని కుండలోని తడి ఇసుకలో పాతిపెట్టేది. సీసా మీది కాగితం బొమ్మ చూసి మోసపోకుండా సీసాలకు పేపరు చుట్టేది. రెండు గుక్కలు, మధ్యలో నీళ్లు. వాటి ఇంగ్లీషు పేర్లు నాకు నోరు తిరగవు. మేం పెట్టుకున్న పేర్లు వేరే. చింతచిగురు సీసా, మాడిన బెల్లం సీసా, కొత్త చెప్పుల సీసా. ఆ కొత్త చెప్పులది తోలు వాసన, నాకూ పడలేదు.

ఒకసారి బస్సు దిగిన కాళ్లతోనే రుచి చూసింది. అన్నీ ఒకేలా ఉన్నాయంది, తల తిరిగింది. అప్పుడు ఒక కట్టుబాటు పెట్టుకుంది. "ఖాళీ కడుపుతోని నాలుక అబద్ధం చెప్తదే అమ్మా. ముందు తినాలె." ఇక జొన్నరొట్టె, వేయించిన చేప తిన్నాకే సీసా మూత తీసేది. నేను పనిలో పడి తినకుండా దగ్గరికొస్తే నా గ్లాసు లాక్కునేది.

"ఊరందరి నోరు నీకెరుకేనాయె. నా నోరు నీకు తెల్వదా?" అని అడిగింది ఒకనాడు.

"నీదే దొరుకుతలేదు బిడ్డా" అన్నాను.

"నాక్కూడా! దొరికిననాడు ఇద్దరం కలిసి ఒక పూర్తి సీసా తాగుదాం."

చివరిసారి వచ్చినప్పుడు రుచి చూసిన తెల్లది దోరజామకాయ కోసినట్టు వాసన వచ్చింది. కళ్లు మూసుకుని చాలాసేపు నోట్లో పెట్టుకుంది. "దగ్గరికొచ్చిననే అమ్మా. ఇంకొంచెం పులుపుంటే ఇదే నాది" అంది. వచ్చే శనివారానికని మరో రెండు సీసాలు పేపరు చుట్టి తడి ఇసుకలో పెట్టి పోయింది. నేను రోజూ ఇసుక మీద నీళ్లు చల్లాను.

పిట్టకు పెట్టే రోజు వచ్చింది. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, మట్టి చేసిన చోట ఆకులో పెడతాం. కాకి వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్లు పచ్చి మంచినీళ్లు ముట్టరు. ముట్టకపోతే, పోయినవాళ్ల మనసులో కోరిక మిగిలిందని అంటారు. మా మరిది ఖమ్మం నుంచి బాగా ఖరీదైన ఎర్ర సీసా తెచ్చి డొప్పలో పోశాడు. చేప పెట్టాం, రొట్టె పెట్టాం. కాకులు తాటిచెట్టు మీదే కూర్చున్నాయి, దిగలేదు. ఎండ నెత్తికెక్కింది.

"పెద్ద సీసానే తెచ్చిన గద వదినా" అన్నాడు పాపం.

"మంచిదే మరిదీ. కానీ దానికి వగరు పడదు."

బిడ్డను మట్టి చేసిన చేను ఇంటి వెనకే. పోయి ఇసుకలోంచి ఆ రెండు సీసాలూ తెచ్చాను. రెంటిలో ఏదో ఒకటి దానిదై ఉండాలి. ఊరందరి నోరు తెలిసినదాన్ని, నా బిడ్డ నోరు తెలియకుండా సాగనంపుతానా అనుకున్నాను. మూత తిప్పి నోటి దగ్గర పెట్టుకోబోతే మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమే, పొద్దటిసంది ఏం తినలే. ఖాళీ కడుపుతోని చూస్తవా? బిడ్డ తిడ్తది."

నిజమే. బిడ్డ ఆకులోంచి చేపముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాను.

"పిట్ట ముట్టకముందే తింటవా వదినా!" అని మరిది గట్టిగా అరిచాడు.

"తినకుంటే నా నాలుక అబద్ధం చెప్తది" అన్నాను. రొట్టె కూడా తిన్నాను. నీళ్లు తాగాను. ఒకదానిలో తీపి ఎక్కువ. రెండోది నోట్లో పోయగానే జామకాయ, వెనకాలే పచ్చిమామిడి పులుపు. కళ్లు మూసుకున్నాను. ఇదే బిడ్డా, ఇదే నీది. దొరికింది.

ఎర్రది తీసేసి, డొప్ప కడిగి అది పోశాను. కాసేపటికి ఒక కాకి దిగింది. చేప వాసనకే దిగిందేమో, నాకు తెలియదు. డొప్ప వైపు చూడనే లేదు. చేపముక్క తిన్నది, రొట్టె పొడిచి తిన్నది. ఆ తర్వాత పక్కకు గెంతి డొప్పలో ముక్కు ముంచింది.

"చూసినవా! తిన్నంకనే తాగుతది నా బిడ్డ" అన్నాడు మా ఆయన. అందరం ఏడుస్తూనే నవ్వాం. మరిది అయితే చెప్పలేనంత నవ్వాడు. మాటిచ్చిన ప్రకారం ఆ సీసాలో మిగిలింది నేనూ మా ఆయనా అక్కడే కూర్చుని పూర్తి చేశాం.

కాకి పోయాక కూడా ఆ డొప్ప కొంచెంసేపు అటూ ఇటూ ఊగుతూనే ఉంది. ఇప్పటికీ శనివారం బస్సు హారన్ వినపడితే నాకు ఆ ఊగే డొప్పే కనపడుతుంది, లేచి ముందు రొట్టెలు కాలుస్తాను.

మీరు ఏం తాగుతారో, తాగరో నాకు తెలియదు. ముందు కడుపునిండా తినండి.