పదమూడు పళ్ళ చక్రం

ఇన్నేళ్ళలో మా అత్తవారింట్లో నన్ను ఈ సంగతి అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. మా మామగారు నా బండి మీద నుంచి సగం దారిలో దిగిపోయిన కథ మాత్రం అందరికీ నోటికొచ్చు. ఆ తర్వాత ఏం జరిగిందో తెలుసుకోవాలని ఎవరికీ అనిపించలేదు. అందుకని అడక్కుండానే చెబుతున్నాను.

తొంభైల నడుమ నేను తిరుపతిలో టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవాణ్ణి. పక్క గదిలో కూర్చున్నా సరే, ఏ మిషన్‌కి నూనె కావాలో, దేని రోలరు అరిగిందో శబ్దాన్ని బట్టి చెప్పగలిగేవాణ్ణి. గొప్పకి చెప్పడం లేదు. నా చెవులు చెడిపోయాయని ఒకాయన తేల్చాడు గనక చెబుతున్నాను.

ఆ ఒకాయన మా బామ్మర్ది. పాకాల దగ్గర పల్లెలో పాలు పోగుచేసి, మోటారుసైకిలుకు రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని బాకరాపేట ఘాటు మీదుగా తిప్పేవాడు. తర్వాత ట్రాలీ ఆటో కొనుక్కుని ఆ మోటారుసైకిలు నాకు అమ్మాడు.

"నీకు కాబట్టి ఇస్తా ఉండాను బావా, బయటోళ్ళకైతే ఇయ్యను" అన్నాడు. బయటివాళ్ళు ఎవరూ అడగలేదని నాకు ఆ తర్వాత తెలిసింది.

నలభై దాటితే చాలు, ఇంజను అరిచేది. చైను గలగలలాడేది. అద్దంలో వెనక వచ్చే లారీ ఒకటి రెండుగా కనిపించేది. పాకాల దగ్గర అత్తవారింటికి వెళ్ళొచ్చి మిషన్ ముందు కూర్చుంటే వేళ్ళు తిమ్మిరెక్కి, పిల్లల ఎదుటే తప్పులు కొట్టేవాణ్ణి. బామ్మర్దికి చెబితే నవ్వాడు.

"పగలంతా టకటకలు విని నీ చెవులు చెడినాయి బావా. బండిలో ఏమీ లేదు."

అట్లాంటి బండి మీద మా మామగారిని తిరుపతిలో ఒక పెళ్ళికి ఎక్కించుకుని బయల్దేరడం నా తప్పే. నేండ్రగుంట దాకా ఓర్చుకున్నారు. అక్కడ చిత్తూరు నుంచి తిరుపతి పోయే బస్సు ఆగి ఉండడం చూసి నా భుజం తట్టారు.

"ఆపప్పా, ఆపు. నడుము ఇరిగిపోతా ఉండాది. నేను బస్సులో వస్తా."

దిగి, పంచె దులుపుకుని, వెనక్కి చూడకుండా బస్సెక్కారు. అంతవరకూ నాకు బాధలేదు. ముసలి నడుము, నిజంగానే నొప్పెట్టి ఉంటుంది. కానీ సత్రంలో నేను భోజనానికి కూర్చునేసరికి బంతి మొత్తానికి ఆ కథ చేరిపోయింది. "మా అల్లుడిది బండి కాదబ్బా, పిండి మిషను. ఇంగ రెండు మైళ్ళు కూర్చుంటే నేను పిండైపోయుందును" అని ఆయనే చెప్పారు. బామ్మర్ది సాంబారు బకెట్ పట్టుకుని నా ముందుకొచ్చి, "ఏం బావా, మిషన్లో పొయ్యమంటావా?" అన్నాడు. బండి అమ్మిన మనిషి! ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నేను పిండి మిషను అల్లుణ్ణి.

ఆ రోజే అనుకున్నాను. ఆయన మళ్ళీ నా బండి ఎక్కాలి, ఎక్కి బాగుందని నలుగురిలో చెప్పాలి. అంతకంటే నాకు ఇంకేమీ అక్కర్లేదు.

ముగ్గురు మెకానిక్కులు చైనుకు నూనె పోసి పంపించారు. నాలుగో ఆయన ఇంజను పక్కన మూత విప్పి, చైను తిప్పే చిన్న చక్రానికి సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని పళ్ళు లెక్కపెట్టాడు.

"ఇది పాలబండా సార్?"

"ఎట్లా తెలిసింది?"

"పదమూడే ఉండాయి. కంపెనీది పదిహేను. బరువుతో ఘాటెక్కేదానికి పాలోళ్ళు చిన్నది ఏయించుకుంటారు. లాగుడుంటాది, కానీ సమంగా ఉండే రోడ్లో ఇంజను ఊరికే అరస్తాది."

వెనక చక్రం విప్పితే ఇంకో విడ్డూరం. అదురు తాకకుండా డ్రమ్ములో ఉండాల్సిన రబ్బరు దిమ్మలు లేవు. వాటి చోట పాత టైరు ముక్కలు కోసి కూరారు. నా చెవులు చెడలేదన్నమాట.

అన్నీ మార్పించాను. ముందు పదిహేను పళ్ళ చక్రం, వెనక వైపు పళ్ళ చక్రం, కొత్త చైను, అసలు రబ్బర్లు. ఒక్క చైను మారిస్తే చాలన్నవాళ్ళ మాట వినలేదు. అరిగిన పళ్ళ మీద కొత్త చైను వేస్తే అదీ అరుగుతుందని టైపు మిషన్లు బాగుచేయించిన నాకు ఒకరు చెప్పాలా? ఇంటికి వస్తుంటే హ్యాండిలు మీద చేతులు నిద్రపోయినంత హాయిగా ఉన్నాయి. అద్దంలో లారీ ఒక్కటే కనిపించింది.

బామ్మర్దిని నిలదీశాను.

"నేనే ఏయించినాను బావా. ఘాటుకు బాగుంటాదని."

"అమ్మేటప్పుడు చెప్పాలి కదా?"

"నువ్వు అడగలేదు గదా!"

పళ్ళు ఎన్నున్నాయని అడగాలట!

తర్వాత కొన్ని నెలలకు బస్సులు బంద్ అయిన రోజున మామగారికి తిరుపతిలో కంటి డాక్టరు దగ్గరికి పోవాల్సి వచ్చింది. వేరే దారి లేక నా బండి ఎక్కారు. నేండ్రగుంటలో ఆయన చెయ్యి నా భుజం మీద పడుతుందేమోనని చూశాను. పడలేదు. ఆయన అప్పటికే మామిడికాయల బేరం గురించి చెబుతున్నారు. చంద్రగిరి దాకా తోట కథ, అక్కడి నుంచి గట్టు తగాదా కథ. ముందుసారి ఒక్క మాట వినిపించాలన్నా కేకపెట్టాల్సి వచ్చింది. ఈసారి మంచం మీద కూర్చున్నట్టు, మామూలు గొంతుతో ఊరు చేరేదాకా మాట్లాడారు. డాక్టరు వాకిట్లో దిగి పంచె దులుపుకున్నారు. నేను ఎదురుచూశాను.

"తొందరగానే వచ్చేసినామే అల్లుడా" అని లోపలికి వెళ్ళిపోయారు.

సరే, కంటి బాధలో ఉన్నారనుకున్నాను. ఆ ఏడే మా మరదలి గృహప్రవేశంలో బామ్మర్ది మళ్ళీ అదే కథ ఎత్తుకున్నాడు, నేండ్రగుంట, బస్సు, పిండి, అన్నీ. మామగారు కుర్చీలో కూర్చుని అందరితో కలిసి నవ్వారు. నా వైపు చూశారు, మళ్ళీ నవ్వారు.

"నవ్వొచ్చింది, నవ్వినాడు మా నాయన. దానికేముండాది?" అంటుంది నా భార్య ఇప్పటికీ.

ఉండాది. చాలా ఉండాది.

మామా, మీ నడుము నొప్పి నేను కాదనను. మొదటిసారి మీరన్నది నిజమే, ఆ బండి పిండి మిషనే. కానీ రెండోసారి పాకాల నుంచి తిరుపతి దాకా గొంతు పెంచకుండా మాట్లాడుకుంటూ వచ్చారు. మీ మామిడి బేరంలో ప్రతి మాటా నాకు వినిపించింది, ఈ రోజుకీ గుర్తుంది. ఆ రోజు నా బండి ఎట్లా ఉండింది? మీ కొడుకు ముందర చెప్పండి.