డబ్బాలు పేర్చే లచ్చయ్య

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు లచ్చయ్య పక్కకు తిరిగి దిగుతాడు. కుడి తుంటిలో స్టీలు రాడ్డు ఉంది. ఎడమ మోచెయ్యి పూర్తిగా తిన్నగా రాదు. వెనక వచ్చేవాళ్ళు తాగి ఉన్నాడనుకుని తప్పుకుని పోతారు. ఇరవై రెండేళ్ళు హీరోల బట్టలు తొడుక్కుని మేడల మీది నుంచి దూకిన మనిషని ఎవరికీ తోచదు. తోచకూడదు కూడా. ముఖం తెర మీద పడకుండా పడిపోవడమే అతను నేర్చిన విద్య.

నల్లగొండ పల్లె నుంచి వచ్చి కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీగా చేరాడు. ఒకనాడు కదిలే లారీ మీది నుంచి బత్తాయి బుట్టతో సహా దూకి, ఒక్క కాయ కింద పడకుండా నిలబడ్డాడు. అది చూసిన ఫైట్ మాస్టర్ బాపిరాజు, "ఏవయ్యా, నాతో వస్తావా?" అన్నాడు. అంతే, జీవితం అటు తిరిగింది.

తుంటి విరిగాక దూకడం ఆగిపోయింది. ఇప్పుడతని పని డబ్బాలు పేర్చడం. పైనుంచి దూకేవాడు పడేచోట ఖాళీ అట్టపెట్టెలు మూడు వరుసలు పేర్చి మీద పరుపు వేస్తారు. పెట్టె పలచగా ఉండాలి, టేపు ఉండకూడదు. మనిషి పడగానే మూలలు నలిగి, లోపలి గాలి బుస్సుమని పోవాలి. అంతా సరిగ్గా ఉందనుకున్నాక పేర్చినవాడు పరుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొడతాడు. పైనున్నవాడు ఆ చప్పుడు విని దూకుతాడు. తానుగా డబ్బాలను పరీక్షగా చూడడు. చూస్తే అనుమానం వస్తుంది, అనుమానం వస్తే కాళ్ళు బిగుస్తాయి, బిగిసిన కాళ్ళే విరుగుతాయి.

బావమరిది మధును ఈ పనిలోకి తెచ్చింది లచ్చయ్యే. పెళ్ళాం స్వప్న నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు అన్నది: "నీ బొక్కలు సాలలేదా? మా తమ్మునియి గూడ ఇరగ్గొడ్తవా?"

"నేను పేర్చిన డబ్బాల మీద ఇప్పటిదాంక ఒక్కడన్న ఇరిగిండా? చెప్పు."

నిజంగానే ఒక్కడూ విరగలేదు. స్వప్న ఆ మాట పట్టుకునే తమ్ముణ్ణి పంపింది.

జూలైలో పెద్ద అంబర్‌పేట్ దగ్గర సగం కట్టి వదిలేసిన మేడలో షూటింగ్. మధు మొదటిసారి హీరోకు డూపు. మూడో అంతస్తు నుంచి దూకాలి. రాత్రంతా వాన పడింది. దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల వెంట తిరిగి లచ్చయ్య పోగుచేసిన పెట్టెల్లో సగం తడిసి ముద్దయ్యాయి. ప్రొడక్షన్ మేనేజరు ఎక్కడో గోదాముకు ఫోన్ చేసి, ఆటో ట్రాలీలో వేరేవి తెప్పించాడు.

లచ్చయ్య ఒకదాన్ని బొటనవేలితో నొక్కాడు. సొట్ట పడలేదు. యంత్రాల సామాను వచ్చే పెట్టెలు, రెండు పొరల అట్ట, చుట్టూ టేపు. టేపు కోశాడు, మూలలు తొక్కాడు. అయినా బిర్రుగానే నిలబడ్డాయి. వాటిని అన్నిటికంటే కింది వరుసలో పెట్టి, తన పలచటి పెట్టెలు పైన సర్దాడు.

"మాస్టర్, గీ డబ్బాలు నాకు నచ్చుతలేవు. ఇంకో గంట ఇస్తె వేరేవి తెస్త."

బాపిరాజు ఆకాశం చూశాడు, గడియారం చూశాడు. "హీరో గారు రెండింటికి వెళ్ళిపోతారయ్యా. నేను నిన్ను బలవంతం చేయను. నువ్వు వద్దంటే ఇప్పుడే ఆపేస్తా. చెప్పు."

ఆ 'చెప్పు' అంటే ఏమిటో లచ్చయ్యకు తెలుసు. కిందటేడు ఒక ఫైటరు అద్దం పగలగొట్టుకుని దూకే షాటుకు వద్దన్నాడు. బాపిరాజు భుజం తట్టి, "మంచి పని చేశావు," అన్నాడు. ఆ ఫైటరు ఇప్పుడు ఎల్.బి.నగర్‌లో షేర్ ఆటో నడుపుతున్నాడు. కనిపిస్తే బాపిరాజు ఆప్యాయంగా పలకరిస్తాడు. పనికి మాత్రం పిలవడు.

"నడుస్తది మాస్టర్," అన్నాడు లచ్చయ్య.

పైనుంచి మధు విగ్గు సర్దుకుంటూ అరిచాడు: "బావా! గీ జుట్టుతోని పెండ్లిచూపులకు పోతే ఒక్క పిల్ల గూడ వద్దనది!"

"ముందు సక్కగ దుంకు, తర్వాత పెండ్లి!"

లచ్చయ్య రెండు దెబ్బలు కొట్టాడు. మధు దూకాడు. బుస్సు వినబడింది. దాని అడుగున ఇంకో చప్పుడు, తలుపు మూసినట్టు. మధు లేచి బొటనవేలు ఎత్తాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"నడుముల ఎవడో తన్నినట్టయింది బావా," అన్నాడు మెల్లగా, నవ్వుతూనే.

కెమెరా దగ్గర్నుంచి కేక వచ్చింది. "విగ్గు జరిగింది. ఇంకొక్కటి!"

పలచటి పెట్టెలన్నీ నలిగిపోయాయి. మిగిలినవి గట్టివే. లచ్చయ్య నలిగిన అట్టలను వాటి మీద పరిచాడు. పరుపు వేశాడు. పైకి చూడడానికి మెడ ఒప్పుకోలేదు. మబ్బు కిందికి దిగింది. చుట్టూ యాభై మంది ఊరికే నిలబడి అతని చేయి వంకే చూస్తున్నారు. మోకాళ్ళ మీద కూర్చుని, పరుపు మీద అరచెయ్యి ఆనించాడు. కింద నేలే ఉన్నట్టు గట్టిగా తగిలింది.

"లచ్చయ్యా, ఏమంటావు?" అన్నాడు బాపిరాజు. గొంతులో కోపం లేదు.

లచ్చయ్య రెండు దెబ్బలు కొట్టాడు.

ఈసారి బుస్సు లేదు.

ఎల్.బి.నగర్ దవాఖానలో డాక్టరు వెన్నుపూస రెండుచోట్ల నలిగిందన్నాడు. కాళ్ళ సంగతి ఆపరేషన్ అయితే తప్ప చెప్పలేనన్నాడు. బాపిరాజు లచ్చయ్యను వరండాలోకి పిలిచి, "కుర్రాడు ఒరిగి పడ్డాడు. అంతేగా? నీమీదికి ఏదీ రానివ్వను," అన్నాడు. లచ్చయ్య ఊ అనలేదు, ఊహూ అనలేదు. బాపిరాజు దాన్ని ఊ అనే లెక్కలో తీసుకుని వెళ్ళిపోయాడు.

లోపల స్వప్న మంచం పక్కన నిలబడి తమ్ముడి నుదురు తుడుస్తోంది. మధుకు మెలకువ వచ్చింది. బావను వెతికి పట్టుకున్నాడు కళ్ళతో.

"బావా, అందరు నేను ఒరిగి పడ్డనంటున్నరు. మళ్ళ మళ్ళ యాది చేసుకుంటున్న, నాకు గట్ల అనిపిస్తలేదు. నేను తప్పు దుంకిన్నా?"

వరండాలో బాపిరాజు చెప్పిన మాట నాలుక దాకా వచ్చింది. అది చాలా తేలికైన మాట. ఒక్క 'అవును' అంటే అందరి పనీ సాగిపోతుంది.

"లేదు," అన్నాడు లచ్చయ్య. "నువ్వు సక్కగనే దుంకినవ్. డబ్బాలు గట్టియి. నాకు తెల్సు."

"ఎప్పుడు తెల్సు?" అన్నది స్వప్న. ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"పొద్దుగాల్నే."

స్వప్న మంచానికి లచ్చయ్య వైపున్న స్టూలు ఎత్తుకుని, చుట్టూ తిరిగి, అటువైపు వేసుకుని కూర్చుంది. లచ్చయ్య నిలబడే ఉన్నాడు. ఆ గదిలో ఇంకో స్టూలు లేదు.