కల్లంలో ఎర్రముసుగు

మొన్న గుంటూరులో మా మేనల్లుడి ఇంటికి వెళ్తే, వాడి కొడుకు ఫోనులో ఏదో చూస్తూ, మీ చిన్నమ్మాయి అత్తావాళ్ల చిన్నప్పుడు టీవీలో వచ్చిన ఆ రంగురంగుల ముసుగువీరుల సీరియల్ ఉంది చూడు తాతయ్యా, అది జపానువాళ్ల పోరాటాలు కోసుకొచ్చి, మధ్యమధ్యలో అమెరికావాళ్లు తమ మొహాలు అతికించుకున్న బొంతట అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. బడి మధ్యలోనే మానేసి, పొట్లాం కాగితాలు చదివి నాలుగు ముక్కలు నేర్చుకున్నవాణ్ణే అయినా, ఆ సంగతి నేను ఆనాడే పసిగట్టాను. సన్నగా రివటలా ఉన్న పిల్ల ముసుగు వేయగానే అంత భుజాలేసుకుని నిలబడితే కళ్లున్నవాడికి తెలియదా? అయితే ఏమిటట? మీసం తీయించుకుని మా మావయ్య సీతమ్మ వేషంలో వస్తే చేతులెత్తి మొక్కిన ఊరు మాది. వేషం కట్టాక లోపల ఎవరున్నారని అడిగే అలవాటు మాకు లేదు.

ఆదివారం పొద్దున ఆ సీరియల్ తెలుగులో వచ్చేది. అది అయిపోవడం ఆలస్యం, పిల్లలంతా మా కల్లంలో చేరి, ఎండబోసిన మిరపకాయల పక్కనే యుద్ధం మొదలుపెట్టేవాళ్లు. ఎర్రముసుగు వాడు నాయకుడు; ఆ వేషం ఎప్పుడూ మా అన్నయ్య కొడుకుదే. మా చిన్నమ్మాయికి గులాబీ రంగు ఇచ్చి, రాక్షసుడు ఎత్తుకుపోయాడని చెప్పి గోతాల వెనక కూర్చోబెట్టేవాళ్లు. ఒకరోజు అది ఎదురు తిరిగితే, ఎర్రగుడ్డ తెచ్చుకోవే, అప్పుడు చూద్దాం అని వాడు ఎగతాళి చేశాడు. ఇది నేరుగా వెళ్లి, రంగుపోయిన తాలుకాయలు ఏరేటప్పుడు వాళ్లమ్మ ముక్కుకు కట్టుకునే ఎర్ర తుండుగుడ్డ తెచ్చి మొహమంతా చుట్టేసుకుంది. ఆ గుడ్డ ఎన్నాళ్ల మిరప ధూళిని పీల్చుకుని ఉందో పసిదానికి ఏం తెలుసు?

తుమ్ములు, కళ్లవెంట ధారలు. మగపిల్లలే భయపడి, తీసెయ్యవే అని బతిమాలారట.

"తీస్తే మళ్లీ గోతాల వెనక కూర్చోబెడతారుగా, తియ్యను" అందట.

గోనెసంచి తొడుక్కున్న రాక్షసుణ్ణి పడగొట్టేదాకా ఆడి, అప్పుడు కూలబడింది. మా ఆవిడ మజ్జిగతో మొహం కడిగి, వెన్న రాసి ఒళ్లో పడుకోబెట్టుకుంది. ఇంటికి పెద్దయిన మా అన్నయ్య మాత్రం తిన్నగా వెళ్లి కేబుల్ వైరు పీకేసి, ఇక ఈ ఇంట్లో ఆ దిక్కుమాలిన సీరియల్ పెట్టడానికి వీల్లేదన్నాడు. ఆయన ముందు ఎన్నడూ గొంతెత్తని నాకు ఆ రోజు ఎక్కడినుంచి వచ్చిందో కోపం.

"మంట పెట్టింది టీవీ కాదన్నయ్యా, మన మిరపకాయ. రేపట్నుంచి పంట మానేద్దామా?"

మా వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సాయంత్రానికి వైరు మళ్లీ దాని చోటికి చేరింది.

పై ఆదివారం మా పిల్ల గడప దాటలేదు. మొహం ఇంకా పొట్టు రేగుతూనే ఉంది. దానికి మించి, మళ్లీ గులాబీ రంగే ఇస్తారేమోనన్న బెంగ. అంతలో కల్లం నుంచి పిల్లల గుంపును వెంటేసుకొచ్చిన మా అన్నయ్య కొడుకు గొంతు గేటు దగ్గర వినిపించింది.

"ఒసేయ్, రావే. నువ్వు రాకపోతే మాకు నాయకుడెవరు? ఇదుగో నా గుడ్డ కట్టుకో, అమ్మచేత ఉతికించా."

అది చెప్పులు వెతుక్కుని వచ్చేదాకా ఆ గుంపంతా ఎండలో నిలబడే ఉంది, ఒక్కడు కూడా ఆట మొదలుపెట్టలేదు. ఇప్పటి పిల్లల మీద నాకు కోపమేమీ లేదు. వాళ్ల ఫోనుల్లో యుద్ధాలు మావాటికంటే వెయ్యిరెట్లు బాగుంటాయి, అందులో ఎవడికి వాడే నాయకుడు, ఒకరిని ఒప్పించే పని లేదు, మొహం మండించుకునే పని అంతకన్నా లేదు. కానీ ఒకళ్లు రాలేదని ఆగిపోయే ఆట మాత్రం నాకు మళ్లీ ఎక్కడా కనబడలేదు.