తగవు వస్తే ఎక్కడ తేల్చుకోవాలి

మా మేనమామ వాళ్ళది అత్తిమంజేరిపేట దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. ఆయన మాత్రం పట్టాభిరామ్‌లో పంపులకు వాల్వులు చేసే చిన్న ఫ్యాక్టరీ పెట్టాడు. సరుకంతా మలేషియా వ్యాపారి ఒకాయన కొనేవాడు. వచ్చినప్పుడల్లా మామతో కలిసి తిరుత్తణి కొండెక్కేవాడు. మామను "అన్నా" అని పిలిచేవాడు. ఆయనకు వచ్చిన తెలుగు అదొక్కటే.

నేను తిరువళ్ళూరులో లాయరును. వాళ్ళ పాత ఒప్పందంలో, తగవు వస్తే చెన్నైలో గానీ మలేషియాలో గానీ తేల్చుకోవచ్చని రాసి ఉంది. ఏ దేశపు చట్టమో లేదు. అట్లా ఉంటే అసలు తగవు పక్కకు పోయి, ఎక్కడ విచారించాలన్న తగవే ఏళ్ళ తరబడి నడుస్తుంది. నేను కొత్తగా రాశాను: సింగపూరులో ఒకే మధ్యవర్తి, అక్కడి చట్టం, ఇంగ్లీషులో విచారణ, ఆయన తీర్పే ఆఖరు.

"పెండ్లిపందిట్లో విడాకుల మాట ఏంటికమ్మా?" అన్నాడు మామ.

"రాకూడదనే రాసేది మామా."

సంతకం పెట్టాడు.

ఒక వానాకాలం పంపిన సరుకు తుప్పు పట్టి చేరింది. పూత సరిగా లేదని ఆ వ్యాపారి, అక్కడి గోడౌనులో తడిసిందని మామ. ఫోన్లు ఆగిపోయి లాయర్ల నోటీసులు మొదలయ్యాయి.

విచారణ వీడియోలో జరిగింది. నా ఆఫీసులో కూర్చున్న మామ, తెర మీద వ్యాపారి ముఖం కనపడగానే ముందుకు వంగాడు.

"మనిషి చిక్కిపోయినాడే. ఒళ్ళు బాగుండాదా అని అడగనా?"

"సాక్ష్యం అయ్యేదాకా మాట్లాడకూడదు మామా."

సాక్ష్యం అయింది. వెంటనే ఆయన తెర మీద నుంచి వెళ్ళిపోయాడు.

తీర్పు మావైపు వచ్చింది. మలేషియా కోర్టు కూడా దాన్ని ఒప్పుకుంది. నేను రాసిన ఒక్క మాటనూ ఎవరూ కదిలించలేకపోయారు. ఆ సంతోషంతో మామ ఇంటికి వెళ్ళాను. ఆయన ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఆయనకు ఫోన్ చేస్తే కూతురు ఎత్తింది. ఏమున్నా లాయరుతో మాట్లాడుకోమని పెట్టేసింది," అన్నాడు. ఫోన్ పక్కన పెట్టి, "మనం గెలిచినట్టేనా పాపా?"

"గెలిచినాం మామా."

ఇప్పుడు ఎవరికి ఒప్పందం రాసినా, మధ్యవర్తి దగ్గరికి పోయేముందు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలని ఒక వాక్యం చేరుస్తాను. ఎవరూ దాన్ని సాకుగా తీసుకుని తగవు సాగదీయకుండా గడువూ పెడతాను.

మామ మళ్ళీ విదేశీ బేరం ముట్టలేదు. ఆ వ్యాపారి పోయాడన్న సంగతి మాకు చాలా ఆలస్యంగా, ఇంకెవరి ద్వారానో తెలిసింది. ఆ రోజు మామ అన్నం ముట్టలేదు.